పేరమ్మ కుప్పలు, డాక్టరు సీసాలు

పేరమ్మకు రాని విద్యలు రెండు. ఒకటి చదువు, రెండోది నోరు మూసుకుని ఉండటం. మిగతావన్నీ వచ్చునని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదనే ధైర్యం జువ్వలదిన్నె పట్టపుపాళెంలో ఎవరికీ లేదు. మొగుడు చెంగయ్యకైతే అసలే లేదు. మనిషెత్తు అలల మీదికి తెప్ప తోసుకుని పోయే మనిషి, గంజిలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి మాత్రం ముందు గొంతు సవరించుకునేవాడు, ఆ తరువాత మనసు మార్చుకుని తాగేసేవాడు.

వచ్చిన విద్యల్లో ఒకటి మాత్రం ఆమెకు నిజంగానే వచ్చు. అది కుప్పలు పెట్టడం.

అలివి వల ఒడ్డుకు లాగాక చేపలన్నీ ఇసక మీద పోస్తారు. వల లాగిన ఇళ్ళు ఎన్నో అన్ని కుప్పలు పెట్టాలి. ఒక కుప్పలో వంజరం పడితే పక్క కుప్పలో దానికి సరిపడా కానాగంతలు పడాలి. ఇక్కడ నాలుగు రొయ్యలు ఎక్కువైతే అక్కడ ఒక పీత చేరాలి. ఇదివరకు మగవాళ్ళే పెట్టేవాళ్ళు. పంపకంతో మొదలై తన్నులాటతో ముగిసేది. ఒకరోజు పేరమ్మకు విసుగొచ్చి వాళ్ళను లేపి తను కూర్చుంది. కుచ్చిళ్ళు దోపుకుని, బుగ్గన పొగాకు ముక్క పెట్టుకుని, తిట్టవలసిన వాళ్ళను తిడుతూనే కుప్పలు పెట్టేసింది. లేచి చూస్తే ఏ కుప్ప తీసుకోవాలో ఎవరికీ తోచలేదు. అన్నీ ఒకటే. ఆ తరువాత ఆమెను ఎవరూ లేపలేదు.

కుప్పలు పెట్టాక గురుతులు వేస్తారు. ఇంటికొకరు ఒక గురుతు ఇస్తారు. ఒకరిది గవ్వ, ఒకరిది తాడు ముక్క, ఇంకొకరిది సరుగుడు కాయ. అన్నీ తువ్వాల్లో మూటగట్టి, ఏది ఎవరిదో తెలియని మనిషి చేతికిస్తారు. ఆ మనిషి చూడకుండా కుప్పకొకటి వేసుకుంటూ పోతాడు. ఎవరి గురుతు ఎక్కడ పడితే ఆ కుప్ప వాళ్ళది. గురుతులు వేసినవాడికి కుప్పకొక చేప ఇవ్వాలి. ఇవ్వకపోయినా, వాడు పుచ్చుకోకపోయినా ఆ పంపకం నిలవదని పాళెం వాళ్ళ నమ్మకం. ఇక గురుతు పడ్డాక మార్చుకోవడమన్నది లేదు. ఒకసారి కామాక్షయ్య అనే ఆయన పక్క కుప్పలో సొరపిల్ల కనబడి, తన సరుగుడు కాయను కాలివేలితో మెల్లగా అటు నెట్టాడు. పేరమ్మ చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే ఊరికి వింతైంది. ఆ సాయంత్రం ఆ సరుగుడు కాయకు దారం కట్టి కామాక్షయ్య మేక మెడలో వేసింది. ఆ మేక బతికినన్నాళ్ళూ ఊళ్ళో పిల్లలు దాన్ని ‘గురుతు’ అనే పిలిచారు. పిలిచిన ప్రతిసారీ మేకతో పాటు కామాక్షయ్య కూడా తల తిప్పి చూసేవాడు.

ఇంత గడుసు మనిషికీ ఒక చోట గుండె మెత్తన. ఆ చోటు పేరు మాలకొండమ్మ. కొడుకు మాల్యాద్రి భార్య.

మెత్తదనం మాటల్లో వెతికితే దొరకదు. “ఏమ్మే, ఎండు సావిడాయి చేప మాదిరి ఉండావు, గాలొస్తే గుంజ పట్టుకో” అనేది. అంటూనే చెంగయ్య గిన్నెలోకి పోవలసిన చేప కార్జం తీసి కోడలి గిన్నెలో వేసేది. చెంగయ్య గొంతు సవరించుకునేవాడు. అంతే.

మాలకొండమ్మ తొలి కాన్పు పోయింది. బిడ్డ దక్కలేదు. రక్తం పోతూ ఉంటే మంచం మీద పడుకోబెట్టి కావలి దాకా మోసుకుపోయారు. దారి పొడుగునా పేరమ్మ మంచం పట్టె పట్టుకుని పరుగెత్తింది. అక్కడి డాక్టరమ్మ కోడలి కనురెప్ప కిందికి లాగి చూసి, “ఈ పిల్లకు మొదలే ఒంట్లో రక్తం లేదు. మళ్ళీ కడుపుతో ఉంటే ముందే రక్తం పట్టించండి” అని చెప్పింది. అప్పటినుంచి రోజూ పొద్దున పేరమ్మ కోడలి రెప్ప కిందికి లాగి చూసేది. రెప్ప లోపల తెల్లగా, కవ్వళ్ళ చేప పొట్టలా ఉండేది. చూసి ఒక తిట్టు తిట్టి ములగాకు కోసుకురావడానికి పోయేది.

అరవై మూడో సంవత్సరంలో మాలకొండమ్మ మళ్ళీ నెల తప్పింది. కడుపు కాస్త కనబడే వేళకు ఆసుపత్రి వ్యాను పాళెం దాకా వచ్చి ఇసకలో కూరుకుపోయింది. దాన్ని తోయడానికి పోయిన జనమే తరువాత మాట వినడానికి కూర్చున్నారు.

వ్యానులోంచి దిగినవాళ్ళు ఇద్దరు. ఒకరు డాక్టరు క్రీస్తురాజు. వయసులో చిన్నవాడు, ఉప్పుగాలికి కళ్ళద్దాలు మసకబారుతుంటే నిమిషానికోసారి చొక్కాతో తుడుచుకునేవాడు. ఇంకొకరు నర్సు ఎలిశబెతు. ఆమె పాళెంలోని కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరినీ బడి పాకలో కూర్చోబెట్టి, వేలి కొసన సూదితో పొడిచి, రక్తపు చుక్కను సన్నటి గాజు గొట్టంలోకి తీసి, దాని రంగు ఎంత పలచనో చూసింది. అందరిదీ పలచనే. మాలకొండమ్మది అందరికన్నా పలచన.

డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. “రక్తం తక్కువైనవాళ్ళకు ఇనుము మాత్ర ఇవ్వడం పాత పద్ధతి. దాంతో ఇంకొక కొత్త మందు కలిపి ఇస్తే ఇంకా మేలని కొందరంటున్నారు, ఏం లేదని కొందరంటున్నారు. అది తేలాలి. అందుకని ఈ తీరం వెంబడి ఊళ్ళలో సగం మందికి వట్టి ఇనుము, సగం మందికి కలిపిన మాత్ర ఇస్తున్నాం. ఇనుము అందరికీ ఉంటుంది. ఎవరికీ మందు లేకుండా చెయ్యం.”

సీసాలు చూపించాడు. కొన్నిటి మీద ఎర్ర చుక్క, కొన్నిటి మీద నల్ల చుక్క. లోపలి మాత్రలు చూడటానికి ఒకటే.

“ఏ చుక్కలో ఏముండాది డాక్టరయ్యా?” అంది పేరమ్మ.

“నాకు తెలియదమ్మా.”

“ఎలిశబెతమ్మకు?”

“ఆమెకూ తెలియదు. నెల్లూరులో పెద్ద డాక్టరుగారికి ఒక్కరికే తెలుసు. నాకు తెలిస్తే, మంచి మందు వేసుకున్నారని నేను అనుకున్నవాళ్ళ రక్తం నా కంటికి ఎర్రగా కనబడుతుంది. తెలియకుండా ఉంటేనే నిజం చూస్తాను.”

పేరమ్మ బుగ్గలో పొగాకు ఈ వైపు నుంచి ఆ వైపుకు మార్చింది. ఆమె అంత సేపు ఎదుటివాడి మాట వినడం చెంగయ్య అంతవరకు చూడలేదు.

డాక్టరు చీట్లు మడిచి ఒక డబ్బాలో వేసి కలిపాడు. ఒక్కొక్కరినీ ఒక చీటీ తీయమన్నాడు. చీటీలో ఏ చుక్క ఉంటే ఆ సీసా వాళ్ళకు. పేరమ్మ ముఖం విప్పారింది. ఎంత చదువుకున్నవాడైనా చివరికి తమ పద్ధతికే వచ్చాడు. వెంటనే పోయి రెండు కానాగంతలు తెచ్చి డాక్టరు ముందు పట్టింది.

“గురుతులేసినావు గదా, తీసుకో.”

“మేం ఏమీ పుచ్చుకోకూడదమ్మా. ఉద్యోగంలో ఉన్నవాళ్ళం” అన్నాడతను, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

“తీసుకోకుంటే పంపకం నిలవదు.”

అతను నవ్వి వ్యానెక్కాడు. వ్యానును మళ్ళీ తోశారు. పేరమ్మ చేతిలో చేపలు అలాగే ఉండిపోయాయి.

ఆ రోజంతా ఆమె మనసు కుదురుగా లేదు. మాలకొండమ్మకు నల్ల చుక్క పడింది. పక్కింటి అంకాలమ్మకు, అంటే మేక యజమాని కామాక్షయ్య భార్యకు, ఎర్ర చుక్క పడింది. అంకాలమ్మకిది నాలుగో కాన్పు. మనిషి గట్టిది, ఉప్పుబస్తా నెత్తిన పెట్టుకుని నవ్వుతూ నడుస్తుంది. ఆమెకే మంచి మందు పడి ఉంటే? పేరమ్మ ఆలోచించి ఆలోచించి ఒక తీర్పుకు వచ్చింది.

“గురుతులు బాగానే ఏసినాడు. కుప్పలు పెట్టడమే రాలేదు పాపం ఆయనకు. కుప్పలు సమంగా లేకుండా గురుతులేస్తే అది పంపకమెట్టా అవుతుంది?”

“ఆయన డాక్టరు అత్తా” అంది మాలకొండమ్మ.

“అయితే ఏంది? రోగం చూడమంటే చూస్తాడు. కుప్పలు మన పని.”

మరునాడు చేపలు ఆరేసే చోట ఆడవాళ్ళంతా సీసాలతో చేరారు. పేరమ్మ ఎర్ర చుక్క మాత్రలు, నల్ల చుక్క మాత్రలు అన్నీ ఒక చాటలో పోసి, బియ్యం కలిపినట్టు కలిపి, కుప్పలు పెట్టింది. కుప్పకు ఒక్క మాత్ర ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఎవరి సీసా వాళ్ళు నింపుకున్నారు. ఎవరికీ ఏ బాధా లేదు. మరుసటి నెల వ్యాను కొత్త సీసాలు తెచ్చింది, మళ్ళీ చాట వచ్చింది. మధ్యలో ఒక్కసారి మాత్రం పాళెం కంగారుపడింది. మాత్రలు మింగినవాళ్ళందరికీ చెంబట్టుకుపోయిన చోట నల్లగా కనబడసాగింది. ఇనుము తింటే అంతేనని నర్సు ముందే చెప్పింది కానీ సిగ్గుతో అందరూ అటు తిరిగి నవ్వుకోవడంతో ఎవరూ వినలేదు. పేరమ్మ ఇంటింటికీ పోయి విచారించి, అందరికీ సమంగా నల్లగా ఉందని తేల్చుకుని, పంపకం సరిగ్గా జరిగిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలంది.

ఆ తరువాతి నెల వచ్చినప్పుడు డాక్టరు ముఖం దిగాలుగా ఉంది. ఎలిశబెతు గాజు గొట్టాలు చూస్తోంది, అతను ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు, మళ్ళీ చూస్తున్నాడు. చివరికి బయటికి వచ్చి ఒడ్డున బోర్లించిన పడవ మీద కూలబడ్డాడు. అతనికి పెళ్ళాంతో పేచీ వచ్చి ఉంటుందని పేరమ్మ అనుకుంది. జాలిపడి, ఎండు రొయ్యలు పట్టుకుని పోయి పక్కన కూర్చుంది.

“ఏంది నాయనా అట్టా ఉండావు?”

“మిగిలిన ఊళ్ళలో రెండు సీసాలకూ ఏదో కొంత తేడా కనబడుతోందమ్మా. మీ పాళెంలో మాత్రం అందరికీ ఒకేలా ఉంది. ఎర్ర చుక్కైనా నల్ల చుక్కైనా ఒకటే. ఇక్కడి లెక్క కలిపితే కొత్త మందు వల్ల ఏమీ లాభం లేదని తేలేట్టుంది. లేకపోతే మేమే ఎక్కడో తప్పు చేశాం.”

పేరమ్మ తృప్తిగా తలూపింది. “ఒకే మాదిరిగా రాకుండా ఎట్టా ఉంటుంది? సమంగా పెట్టింది నేను గదా.”

డాక్టరు మెల్లగా తల తిప్పాడు. “ఏం పెట్టావమ్మా?”

ఆమె చాట సంగతి మొదటినుంచీ చెప్పింది. దాపరికమేమీ లేదు. పనిలో పని, ఇకముందు కుప్పలు ఎలా పెట్టాలో అతనికీ నేర్పుతానంది. వింటూ వింటూ అతను కళ్ళద్దాలు తుడవడం ఆపేశాడు. వ్యాను మెట్టు మీద కూర్చున్న ఎలిశబెతు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియకుండా.

“అమ్మా,” అన్నాడు డాక్టరు, “ఈ ఊరి లెక్క ఇంక పనికిరాదు. ఈ సీసాలు నేను తీసుకుపోవాలి. మీకు మామూలు ఇనుము మాత్రలు పంపిస్తాం. వ్యాను మాత్రం ఇంక రాదు.”

పేరమ్మ ముఖంలో తృప్తి ఆరిపోయింది. పాక గుమ్మంలో గుంజకానుకుని నిలబడ్డ మాలకొండమ్మ వైపు చూసింది. ఆరో నెల. రెప్ప లోపల ఇప్పుడిప్పుడే ఎర్ర జీర కనబడుతోంది. వ్యాను రాకపోతే రక్తం చూసేవాళ్ళెవరు? వేళకు ఏ మందు కావాలో చెప్పేవాళ్ళెవరు?

“అదంతా నాకెందుకు. నా కోడలికి ఈ రెంటిలో ఏది మంచిదో ఒక్క మాట చెప్పు. అదే ఇయ్యి.”

“తెలిస్తే చెప్పనా పేరమ్మా? తెలియకే గదా ఈ సీసాలన్నీ.”

డాక్టరు నోట ‘తెలియదు’ అన్న మాట ఆమె ఇంతకుముందూ వింది. అప్పుడు అతను ఏదో దాస్తున్నాడనుకుంది. ఇప్పుడు అతని ముఖం చూస్తే నిజంగానే తెలియదని అర్థమైంది. వల లాగాక తప్ప సముద్రంలో ఏముందో తెలియని మనుషుల్లాగే అతనూ ఒడ్డున కూర్చుని ఉన్నాడు.

అప్పుడు పక్కన వల బాగుచేసుకుంటున్న చెంగయ్య గొంతు సవరించుకున్నాడు. ఈసారి మనసు మార్చుకోలేదు.

“మే, పోయినేడు నైలాను వల వచ్చింది గదా.”

“ఇప్పుడు వల సంగతెందుకు నీకు?”

“విను. నూలు వల మేలా, నైలాను వల మేలా అని ఊరంతా కొట్టుకున్నారు. మాల్యాద్రి నైలాను ఏసినాడు, నేను నూలు ఏసినా. ఒకే రేవు, ఒకే నీళ్ళు. నాలుగు నెలలకు తెలిసింది. అదే నూలు దారం, నైలాను దారం కలిపి ఒకే వల అల్లి ఏసి ఉంటే, చేప దేన్లో పడిందని చెబుతావు?”

పెళ్ళైన ఇన్నేళ్ళలో చెంగయ్య అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. మాట్లాడినవాడు కూడా భయపడి మళ్ళీ వల మీదికి వంగాడు.

ఆమె ఇసకలో వేలితో గీతలు గీసింది. తరువాత డాక్టరుతో అంది. “అయితే ఇది పంపకం కాదు. ఏ వల మంచిదో చూసుకోవడం.”

“అంతేనమ్మా.”

“ముందే ఆ మాట చెప్పకూడదా. సరే, మళ్ళా మొదలుపెట్టు. ఈసారి చాట రాదు. నా మాట ఇది.”

డాక్టరు ఎలిశబెతు వైపు చూశాడు. పాత లెక్క కొట్టేసి ఈ ఊరిని కొత్తగా మొదలుపెట్టడానికి పెద్ద డాక్టరుగారు ఒప్పుకోవాలని ఆమె గుర్తుచేసింది. వారం తిరక్కుండా ఆయన ఒప్పుకున్నారన్న కబురుతోనే వ్యాను వచ్చింది.

ఈసారి పంపకం పాకలో కాదు, ఒడ్డున జరిగింది. సీసాలన్నీ చుక్కలు కనబడకుండా కాగితం చుట్టి ఇసక మీద వరసగా పెట్టారు. ఆడవాళ్ళు తలొక గురుతు ఇచ్చారు. మాలకొండమ్మ కొప్పులోంచి తీసిన పిన్ను ఇచ్చింది. డాక్టరు సముద్రం వైపు ముఖం తిప్పుకుని, మూట విప్పి ఒక్కొక్కటే వెనక్కి వదులుతూ నడిచాడు. కాగితాలు విప్పితే పిన్ను పడ్డ సీసా మీద నల్ల చుక్క. అంకాలమ్మ గవ్వ పడ్డ సీసా మీద ఎర్ర చుక్క. మళ్ళీ అదే.

పేరమ్మ చేపలు ముందుకు చాపింది. అతను మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “తేలిన తరువాత చూద్దాం” అన్నాడు.

మాట ఇవ్వడం ఒక ఎత్తు, దాని మీద నిలబడటం ఒక ఎత్తు. ఒక నెల గడిచింది. అంకాలమ్మ బుగ్గలు నిగనిగలాడుతున్నాయని పేరమ్మకు అనిపించింది. అంకాలమ్మ బుగ్గలు పుట్టినప్పటినుంచీ అంతే, కానీ పేరమ్మ కంటికి అవి ఎర్ర చుక్క బుగ్గలు. మాలకొండమ్మ రెప్ప లాగి చూస్తే ఒక రోజు ఎర్రగా, ఒక రోజు తెల్లగా కనబడేది. పేరమ్మకు కూడు సయించలేదు. కడవ దించుతూ దించుతూ ఆగిపోయేది. కావలి దారి, మంచం పట్టె, ఇసక మీద పడిన ఎర్రటి చుక్కలు కళ్ళముందు కదిలేవి.

ఒక మధ్యాహ్నం అంకాలమ్మ చేపలు తిరగేయడానికి పోయిన సమయం చూసి పేరమ్మ ఆ ఇంట్లోకి దూరింది. మేక తల ఎత్తి చూసింది. పేరమ్మ దాని ముందు తల వంచుకుంది. ఊళ్ళో ఆమె తల వంచుకున్న ప్రాణి అదొక్కటే. గూట్లో సీసా లోంచి పిడికెడు మాత్రలు కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది. కోడలి సీసాలో ఇవి పోసి, అందులోవి తీసి అక్కడ పోస్తే సరి. చుక్కలు చుక్కల్లా ఉంటాయి, మాత్రలు మారిపోతాయి. ఎవరికి తెలుస్తుంది?

మాలకొండమ్మ గడప మీద కూర్చుని ఉంది.

“ఏందత్తా ఆ కొంగులో?”

“సున్నం.”

“సున్నం గలగలమంటుందా?”

పేరమ్మ లోపలికి పోబోయింది. కోడలు గడప మీద నుంచి కదల్లేదు. కడుపుతో ఉన్న మనిషిని దాటుకుని పోకూడదు.

“కామాక్షయ్య మామ గురుతు జరిపినాడని మేక మెడలో కట్టినావే,” అంది మాలకొండమ్మ మెల్లగా, “ఇప్పుడు నా పిన్ను ఎవరి మెడలో కట్టమంటావు?”

పేరమ్మ గోడకానుకుని కిందికి జారి కూర్చుంది. కొంగు ముడి రెండు చేతులతో పట్టుకుంది.

“నిన్ను మళ్ళా మంచం మీద మోసుకుపోలేను కొండమ్మా. నా వల్ల కాదు.”

కోడలిని తిట్టు లేకుండా పిలవడం అదే మొదలు. మాలకొండమ్మ గడప దిగి వచ్చి అత్త పక్కనే, కష్టం మీద, కూర్చుంది.

“నాకు భయం లేదనుకున్నావా? రోజూ ఉండాది. ఆ రోజు మంచం పట్టె మీద నీ చెయ్యే చూస్తా పోయినా నేను. ఆ చెయ్యి ఎప్పుడూ కుప్ప మార్చలేదత్తా. ఇప్పుడు నాకోసం మార్చినావంటే, ఇంక నేను దేన్ని చూస్తా పడుకోవాలి?”

పేరమ్మ ముక్కు చీదుకుంది. తరువాత పేరమ్మ లేచి, “ఎండు సావిడాయికి మాటలు బాగా వచ్చినాయి” అని గొణుక్కుంటూ పక్కింటికి పోయింది.

అంకాలమ్మ అప్పటికే తిరిగొచ్చి గూటి ముందు నిలబడి ఉంది.

“నీ మాత్రలు కింద పడినాయి. ఏరినా” అంది పేరమ్మ ముడి విప్పుతూ.

“ఏరి, మీ ఇంటి దాకా నడిపించి తెచ్చినావా అక్కా?” అంది అంకాలమ్మ. ఆపైన ఒక్క మాట అడగలేదు. మాత్రలు సీసాలో పోసుకుని, పేరమ్మ చేతికి తమలపాకు అందించింది. మేక సంగతి ఆ ఇంట్లో ఆ రోజుతో తీరిపోయింది.

నెలలు నిండాయి. వలలు లాగే వేళకు మాలకొండమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని లోపల, పేరమ్మ గుమ్మంలో. ఒడ్డున వల వచ్చిందని, కుప్పలు పెట్టాలని కబురొచ్చింది. పేరమ్మ కదల్లేదు. మళ్ళీ కబురొచ్చింది. అప్పుడు లోపల్నుంచి మాలకొండమ్మే, నొప్పుల మధ్య, “పో అత్తా, చేపలు ఎండకు పాడైపోతాయి. నువ్వు గుమ్మంలో ఊపిరి పీలిస్తే నాకు గాలాడటం లేదు” అంది.

పేరమ్మ పోయి కుప్పలు పెట్టింది. ఆ రోజు కుప్పలు సమంగా రాలేదు. ఒకదాంట్లో వంజరాలు రెండు పడ్డాయి, ఒకదాంట్లో అన్నీ చవక కవ్వళ్ళే. చుట్టూ నిలబడ్డవాళ్ళందరూ చూశారు. ఎవరూ నోరెత్తలేదు. కవ్వళ్ళ కుప్ప మీద గురుతు పడింది కామాక్షయ్యకు. అతను వాటిని బుట్టలో ఎత్తుకుని, “పో వదినా, ఇంటికి పో” అన్నాడు.

ఆమె ఇంటికి చేరేసరికి ఆడపిల్ల పుట్టింది. రక్తం పోయింది కానీ నిలిచింది. మాలకొండమ్మ కళ్ళు తెరిచి ఉంది. పేరమ్మ మొదట బిడ్డను చూడలేదు. కోడలి రెప్ప కిందికి లాగి చూసింది. చూసి, చెంగయ్యను కేకేసి, “సొరచేప యాడన్నా ఉంటే తీసకరా, బాలింతకు పుట్టు వండాల” అంది. ఆపైన మూలకు పోయి, ఎవరూ చూడటం లేదనుకుని, కొంగులో ముఖం పెట్టుకుంది. చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పుట్టిన పిల్లకు నోరు మాత్రం అచ్చం అవ్వదే వచ్చిందంటారు. ఆ గోల ఇక్కడెందుకులే.

పిల్ల తప్పటడుగులు వేసే వేళకు వ్యాను మళ్ళీ వచ్చి, మళ్ళీ ఇసకలో కూరుకుపోయింది. క్రీస్తురాజు దిగాడు. ఒడ్డున పంపకం జరుగుతోంది. ఆడవాళ్ళు అతని చుట్టూ చేరారు.

“తేలిందా?” అంది పేరమ్మ, లేవకుండానే.

“తేలింది. ఊళ్ళన్నీ కలిపి చూస్తే ఎర్ర చుక్కే కొంచెం మేలు. కొండంత కాదు. కానీ తేడా ఉంది.”

“అయితే నల్ల చుక్క?”

“వట్టి ఇనుము.”

పేరమ్మ చేతిలో చేప అలాగే ఆగిపోయింది. తలెత్తి మాలకొండమ్మ వైపు చూసింది. చంకలో పిల్ల, పిల్ల పిడికిట్లో ఎండు చేప. మాలకొండమ్మ అత్తను చూసి నవ్వింది.

“మా పిల్లకు రెండుసార్లూ అదే పడింది” అంది పేరమ్మ.

“అవునమ్మా.”

“కడాకు నిలబడింది.”

“నిలబడింది. ఈమె, ఇంకా ఈమెలాంటివాళ్ళు మాట మీద ఉండబట్టే నేనీరోజు వచ్చి తెలిసిందని చెప్పగలిగాను.”

పేరమ్మ పొగాకు ఉమ్మేసి, చేతులు దులుపుకుంది.

“సరే, ఇప్పుడు తెలిసింది గదా. ఇంక నల్ల చుక్కలు తీసకరాబాక. అన్నీ ఎర్రవే తీసకరా. అంకాలమ్మ మళ్ళా నెల తప్పింది, ఇంకా నలుగురుండారు. ఇప్పుడు పంపకం. కుప్పలు నేను పెడతా.”

డాక్టరు వ్యాను తలుపు తీశాడు. లోపల పెట్టెల నిండా ఉన్నవి ఎర్ర చుక్క సీసాలే.

ఆ రోజు వల గురుతులు కూడా అతని చేతే వేయించారు. వేశాక అతను ఎవరూ అడక్కుండానే జేబులోంచి రుమాలు తీసి ఇసక మీద పరిచాడు. పేరమ్మ కుప్పకొక చేప తీసి అందులో పెట్టింది. ఆఖరి కుప్ప దగ్గర ఒక నిమిషం ఆలోచించి, పెద్దదే పెట్టింది. నెల్లూరు దాకా వ్యానంతా వాసనేనని, ఎన్ని నీళ్ళు పోసి కడిగినా పోలేదని ఎలిశబెతు మరుసటి నెల వచ్చినప్పుడు ముక్కు మూసుకుని చూపించి మరీ చెప్పింది.

పేరమ్మకు ఆ మాట ఎంతో నచ్చింది. ఈసారి పంపకం నిలిచింది.